ఏడడుగుల కుర్రాడు దాటలేని గడప

2015 జూన్ 25 రాత్రి. న్యూయార్క్‌లోని బార్‌క్లేస్ సెంటర్‌లో పేర్లు చదువుతున్నారు. ఎన్‌బీఏ జట్లు కొత్త బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు రాత్రి అది. మొత్తం 60 పేర్లు. మొదటిది కార్ల్ ఆంథొనీ టౌన్స్, రెండోది డిఏంజెలో రసెల్, మూడోది జలీల్ ఒకాఫోర్. ముగ్గురూ ఒక్కో ఏడాది కాలేజీ జట్టుకు ఆడి వచ్చినవాళ్లే.

ముప్పై దాటాయి. నలభై దాటాయి. యాభై కూడా అయిపోయాయి. పంజాబ్‌లో బర్నాలా జిల్లా బల్లో కే అనే పల్లెలో అప్పటికి బారెడు పొద్దెక్కింది. అప్పుడొచ్చింది 52వ పేరు: సత్నామ్ సింగ్ భమారా. డల్లాస్ మావెరిక్స్ తీసుకుంది. భారతదేశంలో పుట్టినవాడు ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపిక కావడం అదే మొదలు.

వార్త రాసినవాళ్లందరూ ఇంకో వాక్యం కూడా చేర్చారు. స్కూలు వయసు పిల్లల్ని నేరుగా తీసుకోవడం 2005 తర్వాత ఎన్‌బీఏ ఆపేసింది, మళ్లీ ఇన్నేళ్లకు కాలేజీ మొహం చూడకుండా ఆ స్థాయి బడి నుంచే డ్రాఫ్టుకు వెళ్లినవాడు ఇతనే అని. చదవడానికి గొప్పగానే ఉంటుంది. నిజానికి అతను కాలేజీని కాదనుకుని వెళ్లలేదు. కాలేజీ తలుపే తెరుచుకోలేదు.

కథ అతని తండ్రి దగ్గర మొదలవుతుంది. బల్బీర్ సింగ్ కూడా ఏడడుగుల పైచిలుకు మనిషి. వ్యవసాయం, పిండిమిల్లు. కుర్రతనంలో బాస్కెట్‌బాల్ ఆడాలని ఆశ పడ్డాడు. వాళ్ల నాన్న వద్దన్నాడు, పొలం చూసుకోమన్నాడు. మన పల్లెల్లోనూ ఇలాంటి తండ్రులు కోకొల్లలు. కానీ తన కొడుకు దగ్గరికొచ్చేసరికి బల్బీర్ ఆ మాట అనలేదు. పదేళ్ల వయసులోనే పిల్లాణ్ని లుధియానా బాస్కెట్‌బాల్ అకాడమీకి పంపేశాడు. గురునానక్ స్టేడియంలో కోచ్ సుబ్రమణియన్ చేతుల్లో ఆ పిల్లాడు ఆట నేర్చాడు. 14 ఏళ్లకు ఏడడుగులు ఎదిగాడు.

2010లో ఐఎంజీ రిలయన్స్ స్కాలర్‌షిప్ కింద నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌కు విమానం ఎక్కారు. అందులో సత్నామ్ ఒకడు. అక్కడి ఐఎంజీ అకాడమీ 1978లో నిక్ బొలెటేరి టెన్నిస్ బడిగా మొదలైంది. సగం రోజు చదువు, సగం రోజు ఆట.

ఆట సగం అతనికి కష్టం కాలేదు. కోర్టులో భాష రాకపోయినా నడుస్తుంది. కోచ్ తన కాలు ఎలా తిప్పాడో చూసి మనమూ తిప్పితే సరిపోతుంది. బ్రాడెంటన్‌కు వెళ్లిన మరుసటి ఏడాదే, 15 ఏళ్లకు, చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో భారత సీనియర్ జట్టుకు ఆడాడు.

మిగతా సగం రోజు తరగతి గది. ఇంగ్లిష్ దాదాపు రాకుండా అమెరికా బడిలో కూర్చున్న పిల్లాడి ముందు ఏ పరీక్ష నిలబడి ఉందో తెలియాలంటే కాలేజీలో చేరడానికి రాసే శాట్ పరీక్ష ఆనాటి పేపర్ తిరగేస్తే చాలు.

3 గంటల 45 నిమిషాలు. పది సెక్షన్లు. ఖాళీలు పూరించే ప్రశ్నలే 19. పొడవాటి వాక్యం, మధ్యలో ఒకటో రెండో ఖాళీలు, కింద ఐదు జవాబులు. ఆ మాటలు డార్మిటరీలో వినపడవు, మెస్‌లో వినపడవు, కోచ్ నోట అసలే రావు. ఏదో ఒకటి గీసేద్దామంటే, తప్పయితే పావు మార్కు కోత. పోనీ లెక్కల్లో గట్టెక్కుదామా అంటే అక్కడా పేరాగ్రాఫులే. రైలు ఎంత వేగంతో వెళ్తోందో లెక్కకట్టడం వచ్చు, ప్రశ్న అడుగుతున్నది రైలు గురించేనని తెలియాలి కదా. పక్క బల్ల దగ్గరున్న అమెరికన్ కుర్రాడు వాక్యాన్ని ఒకసారి చదివి జవాబు గీస్తాడు. పంజాబీలో ఆలోచించేవాడు ముందు దాన్ని మనసులో పంజాబీలోకి తెచ్చుకోవాలి, అర్థం తీయాలి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లి జవాబు వెతకాలి. గడియారం ఇద్దరికీ ఒకటే.

కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్క ఇంకా విచిత్రం. మొదటి డివిజన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు పూర్తి చేయాలి. ఇంగ్లిష్ నాలుగేళ్లు తప్పనిసరి. హైస్కూల్ మామూలు స్థాయికి దిగువన ఉన్న పాఠాలు లెక్కలోకి రావు. ఆ కోర్సుల్లో వచ్చిన సగటు, శాట్ స్కోరు రెండూ కలిపి చూస్తారు. ఆ రోజుల్లో 4కు 3 సగటు ఉన్నవాడికి 1600కు 620 వస్తే చాలు. సగటు 2కు పడిపోతే 1010 కావాలి. అంటే బడిలో భాష అందక మార్కులు పోగొట్టుకున్నవాడు, అదే భాషలో పెట్టిన పరీక్షలో అందరికంటే ఎక్కువ తెచ్చుకోవాలి.

అన్నిటికంటే కఠినమైనది కాలం లెక్క. తొమ్మిదో తరగతిలో చేరిన రోజు నుంచి నాలుగేళ్లు. అమెరికాలో దిగిన రోజు నుంచి కాదు, ఇంగ్లిష్ అర్థమైన రోజు నుంచి అసలే కాదు. నిదానంగా నేర్చుకుంటానంటే కుదరదు.

సగటూ శాట్ స్కోరూ అడిగే ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. చదవడం కూడా సరిగా రాని ఆటగాళ్లను కాలేజీలు నాలుగేళ్లు ఆడించుకుని పట్టా లేకుండా వదిలేస్తున్నాయని గోల పుట్టాకే, 1986 నుంచి శాట్‌లో 700, సగటు 2 ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది. ఉద్దేశం మంచిదే. దాన్ని ఇంకా బిగించబోయినప్పుడు, 1989 జనవరిలో, జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థాంప్సన్ మ్యాచ్ మొదలవుతుండగా కోర్టు విడిచి వెళ్లిపోయాడు. పేద నల్లజాతి పిల్లల్ని ఈ పరీక్ష ముందే గేటు బయట నిలబెడుతుందని ఆయన బాధ. పుట్టిపెరిగిన దేశంలోని పిల్లలకే అంత అన్యాయమనిపించిన కొలబద్దను, వేరే భాషలో పెరిగినవాడికి పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? థాంప్సన్ చేసిందే సరైన పని అని నేననుకుంటాను.

ఫ్లోరిడాలో ఐదేళ్లు గడిచాయి. సత్నామ్ ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకున్నాడు, ఏడడుగుల రెండంగుళాలయ్యాడు. ఎన్‌సీఏఏ అడిగిన చదువు అర్హత మాత్రం అందలేదు. 2015 ఏప్రిల్‌లో, 19 ఏళ్ల వయసులో, డ్రాఫ్టుకు పేరిచ్చేశాడు. టౌన్స్‌కూ రసెల్‌కూ దక్కిన ఆ ఒక్క ఏడాది, రాటుదేలే ఏడాది, ఇతనికి లేకుండానే.

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మావెరిక్స్ అతన్ని టెక్సస్ లెజెండ్స్ అనే చిన్న లీగ్ జట్టుకు పంపింది. ఆ జట్టు ఊరు ఫ్రిస్కో, మన తెలుగువాళ్లు వీధివీధినా కనిపించే డల్లాస్ శివారు. అక్కడ రెండు సీజన్లు గడిపినా, ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2020 డిసెంబర్‌లో డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం పడింది. 2021లో అమెరికన్ రెజ్లింగ్ సంస్థ ఏఈడబ్ల్యూలో చేరాడు. కాలేజీలో ఆడి ఉంటే కథ వేరేగా ఉండేదా అన్నది ఎవరూ తేల్చలేరు. అడుగడుగునా ఆట నేర్పేవాళ్లు దొరికిన కుర్రాడికి చదువు దగ్గర మాత్రం సమయం చాలలేదన్నది కళ్లముందున్న విషయం.

2023 జనవరిలో ఎన్‌సీఏఏ శాట్ స్కోరునూ, అలాంటిదే అయిన ఏసీటీ పరీక్ష స్కోరునూ అర్హత నిబంధనల నుంచి తీసేసింది. కొన్ని కాలేజీలు తమంతట తాము ఇప్పటికీ అడుగుతాయి, ఇంగ్లిష్ పరీక్షలు సరేసరి. 16 కోర్ కోర్సులు అలాగే ఉన్నాయి. మొదటి డివిజన్‌కు సగటు 2.3 కావాలి. వాటిలో 10 కోర్సులు ఆఖరి ఏడాది మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. నాలుగేళ్ల గడియారం తొమ్మిదో తరగతిలోనే మొదలవుతోంది.

కాబట్టి టెన్నిస్‌కో ఈతకో పిల్లల్ని తెల్లవారుజామునే తీసుకెళ్తూ, అమెరికా స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. మన ఇళ్లలో తొమ్మిదో తరగతి అంటే టెన్త్‌కు ముందు కాస్త ఊపిరి పీల్చుకునే ఏడాది. టోర్నమెంట్ల కోసం బడి ఎగ్గొట్టినా ఫర్వాలేదనుకునేది కూడా ఆ ఏడాదే. ఎన్‌సీఏఏ మార్కుల జాబితాలు అడిగేది అక్కడి నుంచే. ఆ ఏడాదిని వదులుకోకండి.