చర్మ లింఫోమా: పారిస్ నుంచి జూబ్లీహిల్స్ దాకా

ఒంటిని కాపాడాల్సిన టీ లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు చర్మంలో చేరి అదుపు తప్పి పెరిగితే వచ్చే అరుదైన క్యాన్సర్ చర్మ టీ-కణ లింఫోమా. ఇది అంటురోగం కాదు.

దీని ప్రధాన రూపాన్ని 1806లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు ఆలిబేర్ మొదట వర్ణించాడు. కణితులు పుట్టగొడుగుల్లా ఉండటంతో దానికి మైకోసిస్ ఫంగాయిడిస్ అన్న పేరు స్థిరపడింది. మచ్చ, దళసరి పలక, కణితి అనే మూడు దశలను 1870లో ఫ్రెంచ్ వైద్యుడు బాజాన్ గుర్తించాడు. ఒళ్లంతా ఎర్రబారి, తీవ్రమైన దురదతో, రక్తంలోనూ రోగకణాలు కనిపించే రూపాన్ని 1938లో మరో ఫ్రెంచ్ వైద్యుడు సెజారీ వివరించాడు. ఈ రూపాలన్నీ ఒకే కుటుంబానివని 1975లో అమెరికా పరిశోధకులు ప్రతిపాదించారు.

ఈ కుటుంబంలో వెంట్రుకల కుదుళ్లను పట్టి జుట్టు రాల్చే రకం ఒకటి. పుండ్లు లేచి వాటంతటవే మానిపోయే లింఫోమటాయిడ్ పాపులోసిస్ మరొకటి. చామనఛాయ, నలుపు ఒంటివారిలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, తెల్లటి మచ్చల రకం కనిపిస్తుంది. బొల్లి, కుష్ఠు అని పొరబడేది దీన్నే. ఎర్రమచ్చల రకాన్ని తామరగానో సోరియాసిస్‌గానో భావించి ఏళ్లు గడిపేవారూ ఉంటారు. చర్మం ముక్క తీసి పరీక్షిస్తే తప్ప రోగం తేలదు. ఒక్కోసారి ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

మచ్చల దశలో పూతమందులు, అతినీలలోహిత కాంతి చికిత్స సరిపోతాయి. ముదిరితే రేడియేషన్, మందులు అవసరం. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. దాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

రోగాన్ని తేల్చే పాథాలజిస్టు, చర్మవైద్యుడు, రేడియేషన్ నిపుణుడు కలిసి పనిచేయాల్సిన జబ్బు కాబట్టి దీని చికిత్స క్యాన్సర్ ఆసుపత్రులతో ముడిపడింది. హైదరాబాదులో మొదట ఆ భారం రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రిది. మద్రాసు నుంచి తరలివచ్చిన సినీ పరిశ్రమతో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రాతిగుట్టలు ఊరుగా మారుతున్న కాలంలో, 1988లో అక్కడ అపోలో ఆసుపత్రి వెలిసింది. 1985లో భార్య బసవతారకం క్యాన్సర్‌తో మరణించాక ఎన్.టి.రామారావు తలపెట్టిన ఆసుపత్రి, అమెరికాలోని తెలుగు వైద్యుల తోడ్పాటుతో పక్కనే బంజారాహిల్స్‌లో రూపుదిద్దుకుంది. 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. అప్పటికి రామారావు మరణించి నాలుగేళ్లు.

మచ్చల దశలోనే గుర్తిస్తే ఈ రోగులు చాలామంది ఏళ్ల తరబడి మామూలు జీవితం గడపగలరు. అయితే జబ్బు తిరగబెట్టవచ్చు కనుక పరీక్షలు మానకూడదు.