గవ్వల ఆటలో గణితం: తిన్నటి పలక సిద్ధాంతంపై ఒక అభ్యంతరం

శిశు గణితంపై తెలుగులో వచ్చిన పరిశోధన పత్రాలు నేను చదివినంతవరకు ఒకే దారిలో నడుస్తున్నాయి. పియాజేతో మొదలవుతాయి. గెల్మన్, గాలిస్టెల్ 1978లో చెప్పిన అయిదు లెక్కింపు సూత్రాల మీదుగా సాగి, రమణి, సీగ్లర్ల పలక ఆట దగ్గర ఆగుతాయి. ఇంట్లో తల్లిదండ్రులు ఏం చేయాలన్న చివరి అధ్యాయంలో, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన అట్టను సిఫారసు చేస్తాయి. ఆ ఇంటి అరుగు మీదే సుద్దతో గీసి ఉన్న అష్టాచెమ్మా గడులకు ఆ అధ్యాయంలో చోటుండదు. వాటి ప్రస్తావన ఎక్కడైనా ఉంటే అది ‘జానపద క్రీడలు’ అన్న అనుబంధంలోనే. ఈ విభజనే నా ఫిర్యాదు. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలకు ఇంట్లో సంఖ్యాజ్ఞానం నేర్పడానికి అష్టాచెమ్మా వంటి గవ్వల ఆటను మించిన సాధనం మనకు లేదని నేను ప్రతిపాదిస్తున్నాను.

తగవు ఎక్కడ?

గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనాన్ని నేను తక్కువ చేయను. అమెరికాలో తక్కువ ఆదాయ కుటుంబాల చిన్నపిల్లలు ఒక్కోసారి పావుగంట చొప్పున నాలుగు సార్లు అంకెల పలక మీద ఆడి, సంఖ్యల్ని పోల్చడంలో, సంఖ్యారేఖ మీద గుర్తించడంలో మెరుగుపడ్డారు. ఆ మెరుగు తొమ్మిది వారాల తర్వాత కూడా నిలిచింది. రంగుల పలకతో ఆడిన పిల్లల్లో అది కనబడలేదు. నా తగవు వారి 2009 అధ్యయనంతో. అందులో తిన్నటి పలకనూ గుండ్రటి పలకనూ పోల్చి, మేలంతా తిన్నటి పలకదే అన్నారు. మనసులోని సంఖ్యారేఖకు దగ్గరగా ఉండేది అదేనన్నది వారి వివరణ. తర్వాతి వాళ్లు ఈ మాటను ఆటలన్నిటికీ తీర్పుగా తీసుకున్నారు. ఆ కొలతతో చూస్తే అష్టాచెమ్మా రెండుసార్లు ఓడిపోతుంది. దాని బాట చుట్లు తిరుగుతుంది, గడుల్లో ఒక్క అంకె కూడా ఉండదు.

వారి ప్రయోగంలో పిల్లవాడు చేసే పనేమిటో చూడండి. తిప్పే చక్రం మీద పడేది ఒకటో రెండో. ఆ అంకె కూడా అచ్చువేసే ఉంటుంది కాబట్టి ఎంత పడిందో తేల్చుకునే పని అతనికి లేదు. కదపాల్సింది ఒక్క పావే కాబట్టి ఏది కదపాలన్న ఆలోచన అక్కర్లేదు. ఎదుటివాళ్ల పావు ఎంత దూరంలో ఉందో చూడాల్సిన అవసరమూ రాదు. ఇవన్నీ తీసేశాక మిగిలేది పలక ఆకారమే గనక, ఫలితానికి ఆకారమే కారణంగా తేలింది. సీగ్లరే ఎలిడా లాస్కీతో కలిసి 2014లో ప్రచురించిన పని ఈ తీర్పును సడలిస్తుంది. నూరు గడుల పలక ఒకటే అయినా, ఉన్న గడి అంకె నుంచి పైకి లెక్కపెట్టిన పిల్లలు లాభపడ్డారు, ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టిన వాళ్లు అంతగా లాభపడలేదు. అంటే ఫలితాన్ని నిర్ణయించేది ఆడే తీరు.

గవ్వలు పడ్డాక

అష్టాచెమ్మాలో ఎంత పడిందన్నది పిల్లలే తేల్చుకోవాలి. నాలుగు గవ్వల్లో వెల్లకిలా పడినవి ఎన్నో చూసి చెప్పాలి. కొత్తగా ఆడే పిల్ల ఒక్కో గవ్వనూ వేలితో తాకి లెక్కపెడుతుంది. కొన్నాళ్లకు వేలు ఆగిపోయి చూపుకే మూడు తెలిసిపోతుంది. గవ్వలు దొరకని ఇళ్లలో ఒకవైపు బండ మీద అరగదీసిన చింతగింజలతోనూ ఇదే పని జరుగుతుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. కళ్లముందు ఒక్కటీ వెల్లకిలా లేకపోయినా దాని విలువ ఎనిమిది అని ఒప్పుకోవడం అయిదేళ్ల పిల్లకు చిన్న సంగతి కాదు. సంఖ్యకు విలువ మనం చేసుకున్న కట్టుబాటు వల్ల కూడా వస్తుందని ఆమె మొదట తెలుసుకునేది ఇక్కడే.

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు 16 రకాలుగా పడతాయి. అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. అష్టను నమ్ముకుని కాయను ప్రమాదంలో ఉంచకూడదని పెద్దలు హెచ్చరించేది అందుకే. సంభావ్యత పాఠం పిల్లలకు బడికన్నా ఏళ్ల ముందు ఇంట్లోనే అందుతోంది.

ఇంతకన్నా ముఖ్యమైనది చంపడం, అంటే ఎదుటివాళ్ల కాయ ఉన్న గడికి సరిగ్గా చేరి దాన్ని తీసేయడం. ఖమ్మం, సూర్యాపేట జిల్లాల పల్లెల్లో నేను చూసిన ఆటల్లో పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ వేసే ప్రశ్న ఒకటుంది: “నన్ను సంపాలంటే నీకెంత పడాలె బిడ్డా?” పిల్ల మధ్య గడుల్ని చూసుకుని “మూడు పడాలె నాయనమ్మా” అంటుంది. ఇది తీసివేతే, కాగితం లేదంతే. బయటి వరుసలో 16 గడులు, లోపలి వరుసలో ఎనిమిది, నడుమ ఒకటి. లోపలికి వెళ్లాక దిశ ఎదురవుతుంది. దారి వంకరైనా ఎంత దూరమో తేల్చగలిగిన పిల్లకు తిన్నటి గీత మీద తడబాటు ఉండదని నా అంచనా.

గుంటల్లో గింజలు పంచుతూ ఆడే వామనగుంటలు దీన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తాయి. పద్నాలుగు గుంటల్లో అయిదేసి చింతగింజలు వేస్తే 70, ఒక్కొక్కరికి 35. మొదటి ఆట ముగిసేసరికి ఒకరి దగ్గర 28 మిగిలాయనుకోండి. వాళ్లు అయిదు గుంటలే నింపగలరు, మూడు గింజలు చేతిలో ఉంటాయి. శేషంతో కూడిన భాగహారం ఇదే. ఏ గుంట తీస్తే పంపకం ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవడం మనోగణితం.

సుసాన్ లెవీన్ బృందం 2010లో చూపిన విషయం ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. 14 నుంచి 30 నెలల వయసులో తల్లిదండ్రులు సంఖ్యల మాటలు ఎక్కువగా మాట్లాడిన పిల్లలకు, 46 నెలలకు సంఖ్యల అర్థం బాగా తెలిసింది. కళ్లముందున్న వస్తువుల్ని చూపిస్తూ, అందులోనూ నాలుగు నుంచి పది దాకా ఉన్న వాటి గురించి మాట్లాడితే మేలు ఎక్కువని గండర్సన్, లెవీన్ 2011లో తేల్చారు. గవ్వల ఆట అలాంటి మాటల్ని తప్పనిసరి చేస్తుంది. ఢిల్లీలో 1,540 మంది పిల్లలతో జరిగి 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆటల ఫలితం బడి గణితంలోకి దిగలేదన్నది నిజమే గానీ, అవి పరిశోధకులు తయారుచేసి తెచ్చిన ఆటలు, ఇంట్లో పెద్దవాళ్లతో ఆడేవి కావు.

నిర్ధారణ

పలక ఆకారం రెండో విషయం. ఎన్నో తేల్చుకోవడం, ఎంత కావాలో ఆలోచించడం, పెద్దవాళ్లతో సంఖ్యల గురించి మాట్లాడడం, ఈ మూడే పిల్లకు లెక్క నేర్పుతాయి. మన పిల్లలు లెక్కల్లో వెనకబడడానికి బడిని నిందించే ముందు, అరుగు మీది గడులు ఎందుకు చెరిగిపోతున్నాయో అడగాలి. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2026-27 నాటికి మూడో తరగతి పిల్లలందరికీ పునాది గణితం రావాలంటోంది. ఆ లక్ష్యం కోసం అచ్చువేసే సామగ్రి కన్నా ముందు ఇంట్లో ఉన్న ఆటను లెక్కలోకి తీసుకోవాలి. డీఎడ్ కళాశాలల పాఠ్యక్రమంలో అష్టాచెమ్మా, వామనగుంటలు గణిత బోధన పత్రంలోకే రావాలి. ఇక తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: నాలుగు గవ్వలు వేసి పిల్లల పక్కన కూర్చోండి, ఎంత పడాలో వాళ్లనే చెప్పనివ్వండి, జవాబు మీరు ముందు చెప్పకండి.