స్కాన్‌లో నంబర్ పెరిగింది, ఎముకలు మాత్రం విరిగాయి!

మొన్న మా అమ్మమ్మకి ఎముకల స్కాన్ చేయించాం. రిపోర్ట్‌లో నంబర్ తక్కువొచ్చింది. ఇంక చూడండి, ఇంట్లో అందరం ఫోన్లు పట్టుకుని ఆ నంబర్ పెంచే మాత్రలు వెతకడమే పని! అప్పుడు నాకు మా వైపు పాత కథ ఒకటి గుర్తొచ్చింది. మాది కనిగిరి దగ్గర.

1937. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అరక కట్టిన ఎద్దులు సరిగ్గా నడవలేకపోవడం రైతులు అప్పటికే గమనించారు. మనుషులకేమో నడుము వంగదు, మెడ తిరగదు. షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు పరీక్షలు చేసి, దీనికి కారణం బావి నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ అని ఆ ఏడాదే పత్రికలో రాశారు. విచిత్రం ఏంటంటే, ఈ జబ్బులో వెన్నెముక పలచబడదు. ఎక్స్‌రేలో మామూలు కన్నా చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఫ్లోరైడ్ ఎముకని చిక్కబరుస్తుంది కదా, మరి ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకి అదే మందుగా ఇస్తే? అవును, నిజంగానే ఇచ్చారు! మేయో క్లినిక్ వాళ్ల పరీక్షలో నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు 202 మంది. సగం మందికి రోజుకి 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. కాల్షియం మాత్రం అందరికీ. అలా నాలుగేళ్లు. ఫలితాలు 1990లో వచ్చాయి. ఫ్లోరైడ్ వేసుకున్నవాళ్ల నడుం ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. నంబర్ అదిరిపోయింది కదా? కానీ వెన్నెముక విరగడం తగ్గలేదు. మిగతా చోట్ల విరిగినవి లెక్కేస్తే వీళ్లలో 72, అవతలి వాళ్లలో 24!

కారణం ఏంటంటే, లోపల స్పాంజిలా ఉండే ఎముక పెరిగింది గానీ, పైన పెంకులాంటి గట్టి ఎముక ఎక్కువుండే ముంజేతిలో సాంద్రత 4 శాతం తగ్గింది. కొత్తగా పేరుకున్న ఎముక అల్లిక కూడా సరిగ్గా కుదరలేదు.

అందుకని డాక్టరు రాసిన మాత్రలు ఆపేయకండి బాబూ, అవి వేరే మందులు. నాకు కోపం నా మీదే. నంబర్ చూశాను గానీ, అమ్మమ్మ ఏం తింటోందో చూడలేదు. ఈ వయసు ఆడవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. ఈవిడేమో రెండు పూటలా తెల్లన్నం, చారు. వంద గ్రాముల రాగుల్లోనే 350 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. సంకటి చేస్తానంటే, "పళ్లు లేకపోయినా మింగొచ్చులే" అంది.

తర్వాత ఇంకో మాట అడిగింది: "ఈ మాత్రేసుకుంటే నేను బాత్రూంలో జారి పడనా?" దానికి రిపోర్ట్‌లో జవాబు లేదు. ఆదివారం గోడకి పట్టుకోడానికి కడ్డీ బిగించాం. ఇప్పుడు రోజూ దాన్ని పట్టుకుని పదిసార్లు కూర్చుని లేస్తోంది, లెక్క నేనే పెడుతున్నా.