లక్క ప్లేటు నుండి అంకెల పాట వరకు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము ముగిసిన పిమ్మట, మా తాతగారు ఖుర్దారోడ్డు రైల్వే క్వార్టరులో గ్రామఫోనుకు కీ ఇచ్చి నాటక పద్యములు వినిపించెడివారట. ఆ ప్లేట్లు నేటికిని మా ఇంట ఉన్నవి. వాటిని దేనిపై వినవలెనని విచారింపబోగా తెలిసిన చరిత్రను సోదర సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

ఎమిలి బెర్లినర్ 1887లో గ్రామఫోనుకు పేటెంటు కోరెను. మన దేశములో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినవి తొలి ప్లేట్లలోనివి. లక్క కలిపి చేసిన ఆ ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. ప్రక్కకు సుమారు మూడు నిమిషముల పాటయే పట్టెడిది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ వినైలు ఎల్.పి.ని తెచ్చెను. దానికి 33⅓ చుట్లు. ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాట. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థల సీ.డీ. వచ్చెను. అందు ముల్లు లేదు. ధ్వనిని సెకండుకు 44,100 మార్లు కొలిచి అంకెలుగా వ్రాసి, లేజరు కిరణముతో చదువుదురు. నేటి ఖరీదైన డిజిటల్ యంత్రములలో ఆ కొలత 1,92,000 మార్లకును, అంతకు పైకిని పోవును.

కొలతకు డిజిటల్‌దే పైచేయి. ప్లేటుపై ధూళి చిటపటలాడును. ముల్లు లోపలికి పోయిన కొలది దాని క్రింద గాడి వేగము తగ్గి స్వరము మసకబారును. అయితే మనుష్యుని చెవి సెకండుకు 20,000 కంపనములు దాటి వినలేదు, అందుకు సీ.డీ. కొలతయే చాలును. ఆపైన పోసిన సొమ్మంతయు చెవికి చేరదు.

మరి చౌక టర్న్‌టేబిల్ ఎందుకు? ప్లేటుపై ఉన్న పాట వేరెచ్చటను లేకపోవచ్చును గనుక. మేమొక దుకాణదారు మాట నమ్మి, ఎల్.పి. ముల్లుతోనే 78 ప్లేటు వేసితిమి. బుసబుసలు తప్ప వేరేమియు సరిగా వినబడలేదు. ప్లేటు చచ్చినదనుకొంటిమి. 78 గాడి వెడల్పైనది, దానికి లావుపాటి ముల్లు వేరే ఉన్నదని తరువాత తెలిసినది. ముల్లు మార్చగానే పద్యము పలికినది! మా అమ్మ వంటయింటి గుమ్మములో నిలబడిపోయినది.

అనాడే దానిని కంప్యూటరులోనికి ఎక్కించితిమి. ప్లేటు విత్తనము, డిజిటల్ గాదె. వీటికి పోటీ పెట్టనక్కరలేదు.

మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు వారికి చెవినే పడవలెను. కావున అటకలపై ప్లేట్లున్నవారు అవి బీటలు వారకమునుపే దింపుడు. ఖరీదైన యంత్రము కొనకపోయినను, తగిన ముల్లొకటి కొనుడు.