ప్లేగూ, పత్రికా, ప్రభుత్వమూ

అంటురోగం వచ్చినప్పుడల్లా పత్రికలు జనాన్ని బెదరగొడుతున్నాయన్న ఫిర్యాదు వినిపిస్తుంది. ఫిర్యాదు చేసేది ఎవరో చూడకుండా దాన్ని ఒప్పేసుకోవడం విమర్శకుడు చెయ్యకూడని పని. 1896–97 నాటి బొంబాయి, పూనా ప్లేగు చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీలో డాక్టర్ వీగాస్ ఆ రోగాన్ని ప్లేగుగా గుర్తించాడు. మాండ్వీ రేవును ఆనుకుని ఉన్న వర్తకుల పేట. ప్లేగు పేరు పైకి పొక్కితే ఓడలు ఆగుతాయి. అందుకే అధికారులు మొదట్లో ఆ మాట పలకడానికే వెనకాడారు. 1897లో యూరపు ప్రభుత్వాలు వెనిస్‌లో సమావేశమై చర్చించింది కూడా నౌకల గురించీ, సరుకుల గురించే. అంటే పత్రికా పాఠకుడికంటే ముందు బెదిరింది వర్తకం.

1896 అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. వాళ్ళలో పత్రిక చదవగలిగినవాళ్ళు ఎందరని? ఆసుపత్రిలో మనుషుల్ని చంపి నూనె తీస్తారన్న వదంతి నోటి మాటగానే నడిచింది. బండెక్కించి తీసుకుపోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాకపోవడం మాత్రం వదంతి కాదు, వాళ్ళు కళ్ళారా చూసిన వార్త.

1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. చిన్న చట్టమే. అయితే దాని కింద సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా వెయ్యకూడదన్న సెక్షను మాత్రం మరవకుండా చేర్చారు. ఆ అండతో పూనాలో రాండ్ సోల్జర్లను ఇళ్ళలోకి పంపాడు. వీధిలో ఆడవాళ్ళ ఒళ్ళు తడిమి చూడడం, సామాన్లు తగలబెట్టడం జరిగాయి.

తిలక్ కేసరిలో పారిశుద్ధ్యం అవసరాన్ని కాదనలేదు. ఊరు విడిచిపోకుండా ప్లేగు ఆసుపత్రి నడిపించాడు. సోల్జర్ల దౌర్జన్యాన్ని మాత్రం తీవ్రంగా ఖండించాడు. తిలక్‌ను పొగిడి ఊరుకుంటే కూడా చరిత్ర కాదు. ఆనాటి ఫిర్యాదుల్లో వంటిల్లూ పూజగదీ మైలపడ్డాయన్న అగ్రవర్ణ బాధకు దక్కిన చోటు, పేదవాడి కాలిపోయిన గుడిసెకు దక్కలేదు. ఆ మార్చి 10న, రోగుల్ని తన కొడుకు వైద్యశాలకు చేరుస్తూ తనకే ప్లేగు సోకి సావిత్రీబాయి ఫూలే చనిపోయింది.

జూన్ 22న చాఫేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. జూలైలో తిలక్ అరెస్టయ్యాడు; 18 నెలల కఠిన శిక్ష పడింది. నేరంగా చూపింది ప్లేగు వార్తల్ని కాదు, జూన్ 15 కేసరిలో వచ్చిన శివాజీ ఉత్సవ ప్రసంగాలనూ, ఒక పద్యాన్నీ! ప్లేగు గురించి రాసినవి అబద్ధాలని రుజువు చెయ్యడంకన్నా పద్యంలో రాజద్రోహం వెదకడం ప్రభుత్వానికి తేలికైంది. మరుసటి ఏడు, 1898లో, రాజద్రోహం సెక్షనును ఇంకా విస్తరించారు. అంటువ్యాధుల చట్టమైతే 2020లో కూడా పనికొచ్చింది.

పత్రికలు నిర్దోషులని దీనర్థం కాదు. 1994లో సూరత్ ప్లేగుకు చనిపోయినవారు 50 పైచిలుకు. పత్రికల్లో కొన్ని అంకెలు దానికి ఎన్నోరెట్లు ఎక్కువ. లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయారు. ఆ ఊరి మరమగ్గాల మీద బతికేవాళ్ళలో తెలంగాణ నేతపనివాళ్ళు కూడా ఎందరో. ఒకే గదిలో పదిమంది పడుకునేచోట, మురుగు పక్కన, ప్రభుత్వ ప్రకటన కోసం కాచుకు కూచోమని వాళ్ళకు ఎవరు చెప్పగలరు? టెట్రాసైక్లిన్ దుకాణాల్లో దొరక్కుండా పోయింది. ఊరు వదిలినవారిలో ప్రైవేటు డాక్టర్లు కూడా ఉన్నారు. వాళ్ళు కేవలం పత్రిక చదివి బెదిరారనుకోలేం కదా.