ఉద్యోగి హెచ్‌.ఐ.వి. స్థితి వెల్లడికి లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం)

సెలవు దరఖాస్తుకు జతపరచిన ధ్రువపత్రం, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ బిల్లు, వైద్య పరీక్షల నివేదిక వంటి పత్రాల ద్వారా ఉద్యోగి ఆరోగ్య వివరాలు కార్యాలయానికి చేరుతాయి. ఒక అవసరం నిమిత్తం నమ్మకంతో అందజేసిన ఈ వివరాలు, ముఖ్యంగా హెచ్‌.ఐ.వి.కి సంబంధించినవి, బయటకు పొక్కినచో ఉద్యోగి ఉపాధికి, గౌరవానికి భంగం వాటిల్లే ప్రమాదం కలదు. ఈ విషయంలో యాజమాన్యాల బాధ్యతలను హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017 నిర్దేశిస్తున్నది. 2017 ఏప్రిల్ 20న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టం 2018 సెప్టెంబర్ 10న అమలులోకి వచ్చింది.

నేపథ్యం: ఒక ప్రభుత్వ రంగ సంస్థ క్యాజువల్ కార్మికునికి హెచ్‌.ఐ.వి. ఉన్నదన్న కారణంతో పని నిరాకరించగా, 1997లో బొంబాయి హైకోర్టు ఆ చర్యను తప్పుపట్టింది. విధులు నిర్వర్తించగల వ్యక్తికి కేవలం ఆ కారణంగా ఉపాధి నిరాకరించరాదని తీర్పు చెప్పింది. కార్మికుని పేరు వెల్లడి కాకుండా ‘ఎం.ఎక్స్.’ అన్న అక్షరాలతోనే విచారణ సాగింది.

సమ్మతి స్వరూపం: చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం, నమ్మకంతో తెలియజేసిన ఇతరుల హెచ్‌.ఐ.వి. స్థితిని గాని, ఇతర వ్యక్తిగత సమాచారాన్ని గాని వారి సమ్మతి లేనిదే ఎవరూ వెల్లడించరాదు. విశ్వాసపూర్వక సంబంధాలలో ఈ సమ్మతి లిఖితపూర్వకంగా ఉండాలి. ఉద్యోగికి అర్థమయ్యే భాషలో విషయం వివరించిన పిదప, ఒత్తిడి, మోసం లేకుండా, నిర్దిష్ట ప్రయోజనానికి పొందినదే సమ్మతి అవుతుంది. నియామక సమయంలో అన్నింటికీ కలిపి తీసుకొన్న సంతకం ఇందుకు సరిపోదని గ్రహించవలెను.

మినహాయింపులు: చికిత్సకు అవసరమైనప్పుడు ఒక వైద్య సేవకుడు మరొక వైద్య సేవకునికి తెలియజేయడం, న్యాయస్థానం ఉత్తర్వులు, వ్యక్తిని గుర్తించ వీలులేని గణాంకాలు, పర్యవేక్షణ నిమిత్తం ప్రభుత్వ అధికారులకు సమాచారం అందజేయడం వంటి సందర్భాలకు మాత్రమే సమ్మతి నుండి మినహాయింపు కలదు. సహోద్యోగుల ఆందోళన గాని, పత్రికల విచారణ గాని వీటిలో లేవు.

రికార్డుల భద్రత: 11వ సెక్షన్ ప్రకారం ఇటువంటి రికార్డులు గల ప్రతి సంస్థా వాటిని ఎవరు చూడవచ్చునో నిర్ణయించి, భద్రతా ఏర్పాట్లు చేసి, సిబ్బందిని బాధ్యులను చేయవలసి ఉంటుంది. కాగితపు ఫైళ్ళకు, కంప్యూటర్ సమాచారానికి కూడా ఈ నిబంధన వర్తిస్తుంది.

ఫిర్యాదులు: 100 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు, వైద్య సంస్థలైతే 20 మంది ఉన్నా, ఫిర్యాదుల అధికారిని నియమించవలెను. రాష్ట్ర ప్రభుత్వాలు నియమించే అంబుడ్స్‌మన్ వైద్య సేవలకు సంబంధించిన ఉల్లంఘనలపై విచారణ జరుపుతారు. అంబుడ్స్‌మన్ ఉత్తర్వులను పాటించనివారికి రూ.10,000 వరకు జరిమానా, ఉల్లంఘన కొనసాగినచో రోజుకు రూ.5,000 వరకు అదనపు జరిమానా విధించవచ్చును.

పాత్రికేయులకు గమనిక: బాధితుని పేరు మార్చి, రహస్యంగా విచారణ జరిపే అధికారం 34వ సెక్షన్ ప్రకారం న్యాయస్థానాలకు కలదు. కోర్టు విచారణ ద్వారా తెలిసిన హెచ్‌.ఐ.వి. స్థితిని కోర్టు ఆదేశం లేకుండా వెల్లడించినవారికి రూ.1 లక్ష వరకు జరిమానా విధించవచ్చును. పేరు ప్రచురించకపోయినా కార్యాలయం, హోదా, స్వగ్రామం కలిపి తెలిపినచో వ్యక్తిని ఇట్టే గుర్తించవచ్చును. కావున వార్తల రచనలోనూ, అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాలలోనూ ఈ వివరాలను పరిహరించడం అవసరం.

సలహాలకు జాతీయ ఎయిడ్స్ ఉచిత హెల్ప్‌లైన్ 1097ను సంప్రదించవచ్చును.