అష్టాచెమ్మా నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా

ఆట మొదలెట్టకముందే తగువు మొదలవడం మా మల్కాపురంలో కొత్తేమీ కాదు. 1941లో సింధియావారి ఓడల కర్మాగారానికి పునాదిరాయి పడింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఇంకేముంది, ఎక్కడెక్కడివాళ్లో ఒకే వీధిలో చేరారు. ప్రతి ఇల్లూ తన గవ్వలతో పాటు తన రూలూ తెచ్చుకుంది. అష్టాచెమ్మా పటం అందరిదీ ఒకటే, అయిదు గళ్లకి అయిదు గళ్లు. గవ్వలు లేకపోతే అరగదీసిన చింతపిక్కలు. కానీ ఒక్క కాయనైనా చంపందే లోపలి గళ్లలోకి వెళ్లకూడదని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు. "మా ఊళ్లో ఇలా కాదు వదినా" అనే మాట వినపడని మధ్యాహ్నం ఉండేది కాదు.

ఆ మాటకొస్తే ఊరు మారితే ఆట మారడం ఎప్పటినుంచో ఉన్నదే. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ముంగిట పచ్చీసు పటం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పచ్చీసులోంచి గవ్వలు తీసేసి, పాచిక పెట్టి, ఇంగ్లండులో 1896లో లూడో అని పేటెంటు పుచ్చుకున్నారు. మన వైకుంఠపాళి కూడా అక్కడికెళ్లి, పుణ్యపాపాల పేర్లు మెల్లిగా పోగొట్టుకుని, ఉత్త పాములూ నిచ్చెనలూ అయి తిరిగొచ్చింది.

ఇదంతా ఎందుకు జ్ఞాపకం వచ్చిందంటే, కిందటి వేసవిలో మా ఆడపడుచు కొడుకు ఒక లావుపాటి పుస్తకమూ, నాలుగు ముఖాల దగ్గర్నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలూ పట్టుకొచ్చాడు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు 1974లో తెచ్చిన ఆట. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆటలోంచి పుట్టింది. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్లు మంత్రగాడో, కత్తివీరుడో, దొంగో అయిపోయి ఏం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. ఒకరు గెలిచి ఒకరు ఓడడం లేదు. తర్వాత ఇలాంటివే చాలా వచ్చాయి. అంతరిక్షంలో తిరగాలనుంటే 1977 నాటి ట్రావెలర్, దడుచుకోవాలనుంటే 1981 నాటి కాల్ ఆఫ్ థులూ.

మావాడు వీధిలో అయిదుగురు పిల్లల్ని పోగేశాడు. ఇద్దరికి రూల్సంటే ప్రాణం. చిన్నదానికి కథే కావాలి. ఎదురింటి అబ్బాయిది తెలుగు మీడియం, పుస్తకమేమో పూర్తిగా ఇంగ్లీషు. మొదటిరోజు బలమెంత, బుద్ధెంత అని అంకెలు రాసుకోవడంతోనే పొద్దుపోయింది. రెండోరోజు ఆ అబ్బాయి రాలేదు. తలనొప్పట. పెళ్లయిన కొత్తలో, అర్థంకాని పేకాట దగ్గర కూర్చోలేక నేను చెప్పిన తలనొప్పీ అదే!

మూడోరోజు మా అత్తగారు పుస్తకం మూయించారు. కాశీమజిలీ కథలు విని పెరిగిన మనిషి ఆవిడ. "కథ నేను చెబుతాను. మీరేం చేస్తారో మీరు చెప్పండర్రా. నాలుగు గానీ ఆ పైన గానీ పడితే పని అయినట్టు" అన్నారు. పాచిక ఒక్కటే, ఆరు ముఖాలది.

"ఇది అసలు ఆట కాదు అమ్మమ్మా" అని మావాడు మూతి ముడిచాడు. నిజానికి 1974 నాటి ఆ మూడు చిన్న పుస్తకాల్లోనే, మీకు తగ్గట్టు మార్చుకోమని రాసి ఉంది. ఆ సంగతి వాడికీ తెలుసు, చెప్పలేదంతే.

డాల్ఫిన్ నోస్ కొండ కింద గుహ, గుహలో రాక్షసుడు. ఎదురింటి అబ్బాయిని నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. వాడు కత్తి ముట్టుకోలేదు. రాక్షసుణ్ణి "అన్నం తిన్నావా?" అని అడుగుతానన్నాడు. పాచిక వేస్తే అయిదు పడింది.

సెలవులయ్యాక మావాడు పుస్తకం పట్టుకెళ్లి, పాచికలు వదిలేశాడు. ఇరవై ముఖాలదాన్ని మాత్రం మా అత్తగారు దగ్గరికి రానివ్వరు. అంకెలు కనపడి చావవంటారు.